నెత్తురు మాన్యం

(గత సంచిక తరువాయి)

పోయిన వారం పెనుకొండ కోట బురుజుల దగ్గర ఆగాం. కోట దిగే ముందు ఇంకొక ముచ్చట చెప్పుకోవాలి. ఇది రాజులది కాదు, కొండకు అగ్గి పడిన రాత్రులది.

శివరాత్రి వెళ్లాక ఈ కొండలు చూస్తే తెలుస్తుంది. వానాకాలంలో మోకాళ్ల దాకా పెరిగిన బోదగడ్డి నిలువునా ఎండి, గాలి తగిలితే గలగలమంటుంది. అప్పుడు ఎక్కడో ఒక చోట అంటుకుంటుంది. బీడీ ముక్క కావచ్చు, పాతగడ్డి కాలితే తొలకరికి లేతపచ్చిక వస్తుందని ఎవరో పెట్టిన నిప్పు కావచ్చు. ధర్మవరం నుంచి హిందూపురం పోయే రాత్రి రైల్లో కూర్చున్నవాళ్లకు కొండ మీద తిరునాళ్ల దీపాల వరుస కనిపిస్తుంది. ఎంత బాగుందో అనుకుని కిటికీ వేసుకుని పడుకుంటారు. కొండకింద ఊరివాళ్లకు అది దీపాల వరుస కాదు. ఆ వరుస కిందికి దిగితే ముందు గొర్రెల రొప్పం, తర్వాత చీనీ తోట, ఆ తర్వాత కళ్లాల్లో వాములు, చివరికి కొట్టాలు. ఒకప్పుడు కొట్టాల మీద కప్పు కూడా ఆ బోదే. కొండ మీద కాలే గడ్డీ, ఇంటి మీద కప్పిన గడ్డీ ఒకటే అయినప్పుడు నిప్పుకు మధ్యలో అడ్డమేముంది?

నా చిన్నప్పుడు ఒకసారి చూశాను. ఊళ్లో కేక పడింది, మగవాళ్లు పదిపదిహేను మంది బయల్దేరారు. ఎవరి చేతిలోనూ బిందె లేదు. కొండ మీదికి నీళ్లెవరు మోస్తారు? దారిలో కానుగ చెట్టు దగ్గర ఆగి తలా ఒక పచ్చి మండ విరుచుకున్నారు. వేప మండ పనికిరాదట, ఆకు సన్నం. ముందు నడిచే పెద్దాయన ఒకటే చెప్పాడు: "ఎదురు పోవద్దండప్పా. కాలిన పక్కన్నుంచి రాండి." మంటకు ఎదురు నిలబడిన వాడు పొగకు కళ్లు పోగొట్టుకుంటాడు, గాలి తిరిగితే ప్రాణమే పోగొట్టుకుంటాడు. కాలిపోయిన నేల మీద కాళ్లు పెట్టి, పక్క నుంచి మంట అంచును పట్టుకోవాలి. మండతో కొట్టడం కూడా కొట్టడం కాదు, అదమడం. పైకెత్తి బాదితే నిప్పురవ్వలు ఎగిరి పది గజాల అవతల ఇంకొకటి రాజుకుంటుంది. మండను నేలకు ఆనించి, కాసేపు అలాగే ఒత్తి పట్టి, మెల్లగా ఈడ్చాలి. ఇద్దరు అదుముతూ పోతుంటే వెనక ఒకడు చెప్పుకాలితో మిగిలిన నిప్పు కణికలను మట్టిలోకి తొక్కుతూ వస్తాడు. తెల్లారేసరికి అందరి కనుబొమలూ మాడి ఎర్రబడ్డాయి. కొండ దిగిన చోట ఎవరింటి నుంచో మజ్జిగ కుండ వచ్చింది, ఉప్పేసి, ఉల్లిపాయ తరిగేసి. తాగి ఎవరి చేన్లకు వాళ్లు పోయారు.

ఎవరూ ఎవరికీ ధన్యవాదాలు చెప్పలేదు. ఆ మాట సభల్లో మైకు ముందు చివరగా వచ్చేది కదా. మామూలు మనుషుల నోట ఇలాంటప్పుడు వచ్చే మాట వేరు: "నీ రుణం ఎట్ల తీర్చుకోవాల్నో." మేలు పొందడం అంటే మన వాడుకలో అప్పు పడటం. చెప్పి ఊరుకుంటే అప్పు తీరదు, ఏదో ఒకటి ఇచ్చి తీర్చాలి. ఈ వారం కథంతా ఆ అప్పు గురించే. ఒక ఊరు, తన కోసం పిలవకుండానే ముందుకురికిన మనిషి రుణాన్ని ఎలా తీర్చుకుంది, ఎప్పటిదాకా తీర్చుకుంది, ఎప్పుడు మానేసింది?

లెక్క మొదలయ్యేది రాళ్ల దగ్గర.

హిందూపురం నుంచి మడకశిర దారిలో, అటు అమరాపురం వైపు పోతే, చెరువుకట్టల మీదో, ఊరి బయట చింతచెట్ల కిందో, గుడి వెనక గోడకు ఆనించో నిలబెట్టిన రాళ్లు కనిపిస్తాయి. నడుమెత్తు ఉంటాయి, కొన్ని ఛాతీ దాకా వస్తాయి. సున్నం పూసి, పసుపు కుంకుమ పెట్టి ఉంటే అదృష్టం. కొన్నింటి అంచున కొడవళ్లు నూరిన గాడులున్నాయి. ఒకదానికి ఎనుమును కట్టేసిన తాడు రాపిడి చూశాను. దగ్గర కూర్చుని చూస్తే రాయి మూడు అరలుగా ఉంటుంది. కింది అరలో ఒక మనిషి, ఎడమచేత విల్లో డాలో, కుడిచేత కత్తి, జుట్టు ముడి ఒక పక్కకు. ఎదుట శత్రువులు. కొన్నిచోట్ల అతని వెనకో కాళ్ల దగ్గరో ఆవులు కూడా ఉంటాయి. నడిమి అరలో అతన్నే ఇద్దరు అప్సరసలు చంకల్లో చేతులేసి పైకి తీసుకుపోతుంటారు. పై అరలో అతను శివలింగం ముందు స్థిమితంగా కూర్చుని ఉంటాడు. అన్నిటికీ పైన సూర్యుడు, చంద్రుడు. అది అలంకారం కాదు, గడువు. ఈ రాయితో పాటు ఇచ్చింది సూర్యచంద్రులున్నంత కాలం చెల్లుతుందని దస్తావేజు రాసినట్టు.

వీటినే వీరగల్లులంటారు. ఎనిమిది, తొమ్మిది, పది శతాబ్దాల్లో ఈ సీమలో ఇవి జోరుగా లేచాయి. అప్పుడిక్కడ ఏలినవాళ్లు నొళంబులు, వాళ్ల రాజధాని హెంజేరు. ఇప్పటి హేమావతి అదే. నల్లరాతి స్తంభాలు అద్దంలా నునుపుదేరిన ఆ గుళ్లను చూడ్డానికి వెళ్లేవాళ్లు పక్కనే నిలబెట్టిన రాళ్లను దాటిపోతుంటారు. గుళ్లు కట్టించింది రాజులు. ఈ రాళ్లు ఎక్కువగా మామూలు మనుషులవి.

రాళ్ల మీది రాత ఎక్కువగా పాత కన్నడం, కొన్నిచోట్ల పాత తెలుగు. ఈ సీమలో రెండు భాషలూ ఒకే ఇంట్లో పెరిగినవి. అందులో మాటలు చూడండి. తుఱుగోళ్ అంటే పసులమందను తోలుకుపోవడం. ఊరళివు అంటే ఊరి మీద పడి పాడుచెయ్యడం. పెణ్బుయ్యల్ అంటే ఆడవాళ్లను చెరబట్టినప్పటి ఆర్తనాదం. ఈ మూడింటిలో దేనికైనా అడ్డం పోయి చనిపోయినవాడికి రాయి లేచేది. పులితోనో అడవిపందితోనో తలపడి పోయినవాడికీ లేచేది. వీళ్లలో జీతం తినే సైనికులున్నారు, లేరని కాదు. కానీ పసుల వెనక పరుగెత్తినవాడు చాలాసార్లు ఆ ఊరివాడే. ఎవరో పంపితే పోలేదు. తన ఆవులు అందులో ఉన్నాయో లేదో కూడా రాయి చెప్పదు. ఊరివి అంటుంది, అంతే.

ఊరళివు అన్నచోట నేను కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. దండు వచ్చి ఊరిని పాడుచెయ్యడమంటే బోదకప్పుల ఊళ్లో మొదట జరిగేది ఏమిటో ఊహించడానికి చరిత్రకారుడే అక్కర్లేదు.

మనిషి పోయాక ఊరు రాయి నిలబెట్టి ఊరుకోలేదు. అసలు విషయం అక్కడే ఉంది. రాయితో పాటు నేల ఇచ్చేవారు. ఆ నేలకు మూడు నాలుగు పేర్లున్నాయి. బాళ్గళ్చు ఒకటి, కత్తి కడిగిన మాన్యమని అర్థం. కల్నాడు ఒకటి, రాయితో పాటు ఇచ్చిన నేల. నాకు అన్నిటికంటే నచ్చిన మాట కన్నడంలో నెత్తరుగొడగె, తెలుగులో నెత్తురు మాన్యం. కొడగె అంటే దానం, ఇక్కడ కొడుకుకో భార్యకో ఇచ్చింది. పోయినవాడు తిరిగి రాడు. వాడి ఇల్లు నిలబడాలి, వాడి పిల్లలు ఊరి పాలేర్లు కాకూడదు. అందుకని చెరువుకింద మడికట్టులో తూమెడు గింజలు చల్లేంత నేల. దానికి పన్ను లేదు. దాన్ని లాక్కున్నవాడికి కాశీలో గంగ ఒడ్డున కపిలగోవును చంపిన పాపం. ఒకరిని మెచ్చుకోవడానికి ఇన్ని తిట్లు ఎందుకో అనుకునేవాణ్ని. ఇంకొకడి నోటికాడ కూడు తీసి ఇచ్చేది కాదు ఆ నేల, ఊరుమ్మడిలోంచి తీసిందే. రెండు తరాలు గడిస్తే దాని మీద కళ్లు పడతాయని ఆ రాసినవాడికి బాగా తెలుసు. అందుకే తిట్లు.

ఒక ఉదాహరణ. బెంగళూరు పక్కన బేగూరు శాసనం. తొమ్మిదో శతాబ్దం చివరి కాలం. అటు గంగవంశపు రాజు ఎఱెయప్ప, ఇటు మన హేమావతి నొళంబుడు వీరమహేంద్రుడు. తుంబెపాడి దగ్గర యుద్ధం. గంగుల వైపున నాగత్తరుడనే నాయకుడు ఏనుగుల ఎదుట పోరాడి చనిపోయాడు. తర్వాత ఎఱెయప్ప ఇరుగ అనే అతనికి నాగత్తరుని పట్టం కట్టి, బెంపూరు పన్నెండు ఊళ్లను కల్నాడుగా ఇచ్చాడు. ఆ రాయి మీద యుద్ధం చెక్కిన తీరు అద్భుతం, ఏనుగులు, గుర్రాలు, కింద పడిన శవాలను పీకే నక్కలు కూడా. కానీ శాసనం చివరికి వచ్చేసరికి ఊళ్ల పేర్లు వరుసగా రాస్తుంది, పట్టాదారు పుస్తకం చదివినట్టే ఉంటుంది. నాకు ఆ భాగమే ఎక్కువ ఇష్టం.

నాయకుడికి పన్నెండు ఊళ్లు, పసులవెంట పడ్డవాడికి తూమెడు నేల. తేడా ఉంది. ఉండదని ఎవరూ అనలేదు. తళ్లికోట తర్వాత విజయనగరం పెనుకొండకు తరలివచ్చినప్పుడు సుల్తానుల దండు ఈ కోట చుట్టుముడితే, చన్నపట్న జగదేవరాయలు అడ్డుకున్నాడు. రాజు అతనికి బారామహల్ సీమను ఇచ్చాడు. ఇప్పటి కృష్ణగిరి, ధర్మపురి ప్రాంతాలవి. ఆ ముట్టడిలో జగదేవరాయల పక్కన నిలబడి గోడల మీంచి రాళ్లు దొర్లించిన పెనుకొండ వాసులకు ఏమిచ్చారు? ఆ లెక్క నాకు ఎక్కడా దొరకలేదు. రాజుల కృతజ్ఞత పైనుంచి కిందికి ఒకటి రెండు మెట్లే దిగుతుంది. ఊళ్లు ఇచ్చిన రుణపత్రాలే కింది మెట్టు దాకా వచ్చాయి. అందుకే వీరగల్లు నాకు ఆలయశాసనాల కంటే విలువైన సరుకు.

నిప్పు సంగతి ఇలా ఉంటే, నీటి సంగతి వేరు కాదు. ఏడాదికి 550 మిల్లీమీటర్లు అటూ ఇటూ పడే చోట చెరువు తెగడం ఊరు తగలబడటం కన్నా పెద్ద కష్టం. ధర్మవరం చెరువును క్రియాశక్తి ఒడయరు కట్టించాడని, తల్లి ధర్మాంబ పేరు ఊరికి పెట్టాడని ఆ ఊరి కథ. కట్టిన వాడికీ, తెగినప్పుడు పూడ్చినవాడికీ దశబంధం ఇచ్చేవారు. చెరువు కింద సాగయ్యే దాంట్లో పదో వంతు. ఈ లెక్క అనంతపురం, కడప, కోలారు సీమల్లో వందల ఏళ్లు నడిచింది. మళ్లీ అదే పద్ధతి. పొగడ్త కాదు, ఖాతాలో ఒక పద్దు.

నీటి ముచ్చట వచ్చింది కాబట్టి ముసలమ్మను దాటి పోలేం.

అనంతపురం అవతల బుక్కరాయసముద్రం చెరువును పధ్నాలుగో శతాబ్దంలో బుక్కరాయల దగ్గర పనిచేసిన చిక్కవొడయరు కట్టించాడంటారు. ఒకసారి వరదకు కట్ట తెగిందట. బసిరెడ్డి ఇంటి చిన్నకోడలు ముసలమ్మను బలి ఇస్తే కట్ట నిలుస్తుందని దేవత పలికిందట. ఆమె పసుపు కుంకుమలతో వచ్చి గండిలో నిలబడింది. మట్టి పోశారు. కట్ట నిలిచింది. సి.పి. బ్రౌన్ 1853లో అచ్చువేసిన అనంతపురం రాజుల చరిత్రలో ఈ కథ ఉంది. దాన్ని తీసుకుని కట్టమంచి రామలింగారెడ్డి విద్యార్థిగా ఉండగానే 'ముసలమ్మ మరణము' రాశారు. 1900లో అచ్చయింది. ఆధునిక తెలుగు కవిత్వం అక్కడినుంచి మొదలైందని వాదించేవాళ్లున్నారు. ఇప్పటికీ అక్కడివాళ్లకు అది ముసలమ్మ కట్టే. ఆమెకు పూజలున్నాయి.

అందరూ ఈ కథను త్యాగం అని ముగిస్తారు. నాకెప్పుడూ గొంతులో అడ్డంపడుతుంది. ఊళ్లో అంతమంది ఉండగా దేవతకు ఒక ఇంటి చిన్నకోడలే ఎందుకు గుర్తొచ్చింది? పసుల వెనక ఉరికినవాడు తన కాళ్ల మీద తాను పోయాడు. ముసలమ్మ కూడా తనంతట తానే నడిచివచ్చిందని కథ అంటుంది, కాదనడానికి నాదగ్గర రుజువు లేదు. కానీ ఆమె రానంటే ఏమయ్యేదో కథ చెప్పదు. కొన్ని పూజల్లో రుణంతో పాటు తప్పు కూడా కలిసి ఉంటుంది. ఆ కట్ట మీద నడిచినప్పుడు ఆ రెండూ కాళ్లకు తగులుతాయి. ఆ మాట ఇక్కడితో వదిలేసి ముందుకు పోదాం.

1800లో నిజాం ఈ జిల్లాలను కుంఫిణీకి ఇచ్చేశాడు. దత్తమండలాలయ్యాయి. థామస్ మన్రో అనంతపురంలో కూర్చుని 1807 దాకా కలెక్టరుగా చేశాడు. ఊరూరా ఎవరికి ఏ నేల ఎందుకు మాన్యంగా ఉందో రాయించడం అప్పుడు మొదలైంది. మెకంజీ దొర మనుషులు తిరిగి కైఫీయత్తులు, అంటే ఊళ్ల చరిత్రలు, రాసింది కూడా ఆ రోజుల్లోనే. ఆ తర్వాత 1858లో మద్రాసు రాజధానిలో ఇనాం కమిషన్ వేశారు. నీ ఇనాముకు పత్రమేదీ, ఎవరిచ్చారు, ఎందుకిచ్చారు అని అడిగారు. చాలామందికి రాయి తప్ప పత్రం లేదు. రాతి మీది రాత చదివేవాడూ ఊళ్లో లేడు. కొన్ని ఇనాములను కొద్దిపాటి శిస్తు కట్టించుకుని పట్టాలు చేశారు, కొన్ని కలిపేసుకున్నారు. చివరికి మన సర్కారు వచ్చాక 1956 ఇనాముల రద్దు చట్టంతో ఆ ముచ్చటే ముగిసింది. భూమి సంగతిలో ఆ చట్టం అవసరమే, సందేహం లేదు. మాన్యాల పేరుతో ఎన్ని అన్యాయాలు జరిగాయో అందరికీ తెలుసు. కానీ ఆ గంపలో నెత్తురు మాన్యం కూడా పోయింది. రాళ్లు మాత్రం మిగిలాయి, ఎందుకు నిలబెట్టారో మరిచిపోయిన రాళ్లు.

కొండ సంగతి ఇంకో దారి పట్టింది. 1882 జనవరిలో బళ్లారి నుంచి విడదీసి అనంతపురం జిల్లా చేశారు. ఆ ఏడాదే మద్రాసు అటవీ చట్టం వచ్చింది. నిన్నటిదాకా ఊరిదైన కొండ రిజర్వు ఫారెస్టు అయింది. గొర్రెల కాపరికి పర్మిట్టు, కట్టెపుల్లకు జుల్మానా. ఆ కాలపు అటవీ చట్టాల్లో ఒక షరతు ఉంటుంది: అడవిలో మేపుకునే హక్కు ఉన్నవాళ్లు, అక్కడ పని చేసుకునేవాళ్లు, అగ్గి పడితే ఫారెస్టువాళ్లకు సాయం పోవాలి. పోకపోతే శిక్ష. అంటే మండ విరుచుకుని పోయే మనుషులు అప్పటికే ఉన్నారని చట్టం రాసినవాడికి తెలుసు. తెలిసి కూడా వాళ్ల చేతికి మండతో పాటు జుల్మానా చీటీ పెట్టాడు. తనంతట తాను పోయే వాడికి వెట్టి అని పేరుపెడితే, వాడు ఇంటి దగ్గరే కూర్చుంటాడు. కొన్ని కొండలకు కసిగా అగ్గి పెట్టిన కథలు కూడా ఆ కాలానివే. 1913లో మద్రాసు ప్రభుత్వం ఒక అటవీ కమిటీ వేసి ఊళ్ల మొరలు విన్నాక, కొన్ని అడవులను పంచాయతీల చేతికి ఇవ్వడం మొదలుపెట్టింది.

ఇటీవలి మాట త్వరగా చెప్పేస్తాను. 1992 నుంచి వన సంరక్షణ సమితులు వచ్చాయి, ఎండాకాలానికి ఫైర్‌లైన్లు కొట్టడం, ఫైర్ వాచర్లను పెట్టడం ఇప్పుడు మామూలు. ఏటా ఏప్రిల్ 14 నుంచి అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. 1944లో ఆ రోజున బొంబాయి రేవులో పేలుడు మందు ఉన్న ఫోర్ట్ స్టికీన్ ఓడ పేలి, ఆర్పడానికి పోయిన 66 మంది ఫైర్‌మెన్ చనిపోయారు. వాళ్ల పేరు మీద వారం. 2014 మార్చిలో శేషాచలం కొండలు అంటుకున్నప్పుడు వాయుసేన హెలికాప్టర్లు బకెట్లతో నీళ్లు మోశాయి, కింద జవాన్లు, అటవీ సిబ్బంది, దేవస్థానం ఉద్యోగులు చెట్ల కొమ్మలతోనే కొట్టారు. హెలికాప్టరు ఫొటో అన్ని పేపర్లలో వచ్చింది. కొమ్మల ఫొటో తక్కువ.

కానీ ఈ సీమలో మనం మరిచిపోకూడని అగ్గి కొండది కాదు, రైలుది.

2012 మే 22. తెల్లవారుజాము మూడు దాటింది. హుబ్లీ నుంచి బెంగళూరు పోయే హంపి ఎక్స్‌ప్రెస్ పెనుకొండ స్టేషన్లో ఆగి ఉన్న గూడ్సును ఢీకొంది. ఇంజను వెనకున్న బోగీకి నిప్పంటుకుంది. 25 మంది దాకా పోయారు. ఆ నిద్రవేళ స్టేషన్ చుట్టుపక్కల ఇళ్ల నుంచి జనం లుంగీల మీదే వచ్చారు. అప్పటికి ఏ అధికారీ రాలేదు. ఇనుము కోసే మిషన్లు రాలేదు. లోపల అరుపులు వినిపిస్తుంటే చేతికి దొరికిన దాంతో కిటికీ ఊచలు వంచి మనుషులను లాగారు. తెలియని భాషలో ఏడుస్తున్న పిల్లలను ఎత్తుకుని ఇళ్లకు తెచ్చుకున్నారు. కొండకు అగ్గి పడినప్పుడు పోయిన తీరే ఇదీ, ఎవరూ పంపలేదు, ఎవరి ఆవులూ అందులో లేవు.

ఏడాదిన్నర తిరిగిందో లేదో, 2013 డిసెంబర్ 28న మళ్లీ అదే వేళ. బెంగళూరు నుంచి నాందేడ్ పోయే రైలు. కొత్తచెరువు దగ్గర బీ-1 ఏసీ బోగీ అంటుకుంది. 26 మంది పోయారు. మూసిన కిటికీలు, పొగ. నిప్పు కన్నా పొగే ఎక్కువమందిని తీసింది. ఆ రెండు రాత్రులూ ఈ సీమ ముసలివాళ్లకు ఇంకా తేదీలతో సహా గుర్తున్నాయి.

మంత్రులు వచ్చారు, పోయినవాళ్లకు పరిహారం ప్రకటించారు. అది న్యాయమే. కిటికీ ఊచలు వంచినవాళ్ల పేర్లు మాత్రం ఏ రాయి మీదా నేను చూడలేదు. పదో శతాబ్దపు హెంజేరు నాడులో అయితే ఊరి బయట ఒక రాయి లేచేది. పైన సూర్యచంద్రులు, కింద పట్టాలు.

ఇది మన దగ్గరే పోయిన అలవాటా, లోకమంతా పోయిందా అని ఒకసారి చూడబోతే ఆస్ట్రేలియా దగ్గర చూపు ఆగింది. అక్కడ కార్చిచ్చులు మన కొండగడ్డి మంటల్లాంటివి కావు, ఊళ్లకు ఊళ్లు మింగుతాయి. 2009 ఫిబ్రవరి 7న ఒక్క విక్టోరియాలోనే 173 మంది పోయారు. వాటిని ఆర్పేది ఎక్కువగా జీతం లేని మనుషులు. న్యూ సౌత్ వేల్స్ రూరల్ ఫైర్ సర్వీస్‌లో డెబ్బై వేల మంది పైచిలుకు వలంటీర్లు, రైతులు, టీచర్లు, మెకానిక్కులు. 2019లో, 2020 మొదట్లో నెలల తరబడి నిప్పు ఆరలేదు. ఆ రోజుల్లో దారిపొడవునా కంచెలకు పాతదుప్పట్ల మీద రంగుతో కృతజ్ఞతలు రాసి కట్టారు జనం. 2019 డిసెంబర్ 19న సిడ్నీకి నైరుతిగా ఒక ఫైర్ ట్రక్కు ముందు చెట్టు కూలింది. ట్రక్కు పల్టీ కొట్టి ఇద్దరు వలంటీర్లు చనిపోయారు. ఇద్దరికీ పసిబిడ్డలున్నారు. ఒకరి అంత్యక్రియల్లో, పందొమ్మిది నెలల కొడుకు నోట్లో పాలపీకతో నిలబడి ఉంటే, ఆ సర్వీసు కమిషనర్ మోకాళ్ల మీద కూర్చుని తండ్రికి రావాల్సిన పతకాన్ని బిడ్డ చొక్కాకు పెట్టాడు. ఆ ఫొటో చూసినప్పుడు నాకు ఇరుగకు కట్టిన పట్టం గుర్తొచ్చింది. వెయ్యేళ్ల దూరం, సగం భూగోళం దూరం.

ఆ పతకం కన్నా నాకు ఇంకొకటి ముఖ్యంగా తోచింది. అదే డిసెంబర్ చివర, పది రోజులకు మించి పనులు మానుకున్న వలంటీర్లకు రోజుకు 300 డాలర్ల దాకా, మొత్తం 6,000 డాలర్లకు మించకుండా ఇస్తామని అక్కడి ప్రభుత్వం చెప్పింది. కొందరు వలంటీర్లు మాకెందుకు, మేం డబ్బుకోసం పోలేదు అన్నారు. అది వాళ్ల పెద్దతనం. కానీ ఇవ్వాల్సినవాడు ఇవ్వాలి. తుఱుగోళ్‌లో పోయినవాడు కూడా మాన్యం కోసం పోలేదు. అయినా ఊరు ఇచ్చింది.

మళ్లీ మన కొండకిందికి వద్దాం. ఈ ఎండాకాలం పెనుకొండ కొండకో, మడకశిర కొండకో అగ్గి పడితే 101కి ఫోన్ చేయండి, ఫారెస్టు వాళ్లకు చెప్పండి. బండి రాలేని చోటికి మళ్లీ మండ పట్టుకుని ఎవరో పోతారు. దిగివచ్చాక మజ్జిగ ఇవ్వడం మన ఊళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. ఆ రాత్రి ఎవరెవరు పోయారో మాత్రం పంచాయతీ పుస్తకంలో తేదీ వేసి, పేర్లు రాయించండి. 2012 మే రాత్రి పెనుకొండ స్టేషన్‌కు పరుగెత్తినవాళ్లు ఇంకా మన మధ్యే తిరుగుతున్నారు. ఆ పేర్లూ ఇప్పుడే రాసుకోవాలి. మన తర్వాతివాళ్లకు రాయి ఉండి రాత తెలియని గతి పట్టకూడదు.

ఇక మీ ఊరి చెరువుకట్ట మీదో చింతచెట్టు కిందో కత్తి పట్టుకున్న మనిషి రాయి ఉంటే దాని మీద ఆయిల్ పెయింట్ వేయకండి. అక్షరాల గాళ్లు పూడిపోతాయి, మళ్లీ చదవడం ఎవరి తరమూ కాదు. సున్నం పేరుకుంటే నీళ్లతో, మెత్తటి బ్రష్షుతో కడగండి, ఇనుప చువ్వతో గీకొద్దు. కింద రాత కనిపిస్తే ఉదయపు ఏటవాలు వెలుగులో ఫొటో తీయండి, రాత అప్పుడే బాగా లేస్తుంది. శాసనాల అచ్చులు తీసి చదివే కేంద్ర పురావస్తు శాఖ ఎపిగ్రఫీ కార్యాలయం మైసూరులో ఉంది. ఒక ఉత్తరం ముక్క రాయండి.

(వచ్చే వారం: 1388లో పెన్న నీటిని పెనుకొండకు తెచ్చిన జలసూత్రధారి సింగయభట్టు)